వైట్‌లిస్ట్ ముందా, స్కానింగ్ ముందా? మెయిల్ గేట్‌వేలో ఏది మేలు

జూన్ వస్తే చాలు, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి లారీలు బారులు తీరతాయి, దాంతోపాటే వాళ్ల మెయిల్ గేట్‌వేలు (లోపలికొచ్చే మెయిల్‌ని ముందు చెక్ చేసే సర్వర్లు) చూసే నాకు ఫోన్లూ మొదలవుతాయి. సీజన్‌లో బయటి దేశాల కొనుగోలుదారులతో మెయిళ్లు ఎక్కువ కదా, అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, కాకపోతే రెండు రకాలుగా అడుగుతారు. ఒకరేమో "అన్నా, పార్టీని వైట్‌లిస్ట్‌లో (నమ్మినవాళ్ల జాబితాలో) పెట్టినా వాళ్ల మెయిల్ స్పామ్‌లోనే పడతా ఉంది" అంటారు. ఇంకొకరేమో "ఫిల్టర్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, మరి ఈ దొంగ మెయిల్ యాడనుంచి దూరింది" అంటారు. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది, రూల్స్ ఏ వరసలో నడుస్తా ఉన్నాయో అక్కడ. ఫిల్టర్ మంచిదా కాదా అనేది ఆ తర్వాత మాట.

ముందు మూడు పేర్లు ఒక్క ముక్కలో: మెయిల్ పంపిన సర్వర్‌కి ఆ డొమైన్ అనుమతి ఉందా అని చూసేది ఎస్‌పీఎఫ్, మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం డీకిమ్, ఆ రెండిట్లో తేలినదాన్ని కనిపించే ఫ్రమ్ పేరుతో పోల్చి, కుదరకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. మన ముందున్న దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, వైట్‌లిస్ట్ అన్నిటికన్నా పైన, మనకి తెలిసినవాళ్లు వస్తే ఏ చెకింగూ లేకుండా లోపలికి పంపేయడం. రెండోది, పంపినవాడు నిజంగా వాడేనా, అటాచ్‌మెంట్‌లో వైరస్ ఉందా అని ముందు చూసి, ఆ తర్వాతే వైట్‌లిస్ట్‌కి రావడం, అక్కడ కూడా దాటించేది స్పామ్ స్కోర్ (స్పామ్ లాగా కనిపించే కొద్దీ మెయిల్‌కి పెరిగే మార్కులు) ఒక్కటే.

మొదటి దాన్ని తేలిగ్గా తీసిపారేయను, నేనూ చాలా ఏళ్లు అట్లే పెట్టినా. ఒక ఫ్యాక్టరీలో షిప్‌మెంట్ కాగితాలున్న మెయిల్ స్పామ్‌లో పడి రెండ్రోజులు ఎవరూ చూడలేదు, కంటైనర్ ఆగిపోయింది, ఓనర్ ఫోన్ చేసి మాట్లాడిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రమే ఆ పార్టీ డొమైన్‌ని తీసుకెళ్లి మొదటి రూల్‌గా పెట్టినా, యాక్సెప్ట్, అంతే. ఆ తర్వాత ఒక్క కంప్లైంట్ రాలేదు. సర్వర్ మీద బరువు తగ్గింది, మెయిల్ క్షణాల్లో వస్తా ఉంది, అందరూ హాయిగా ఉన్నారు.

పోయిన సీజన్‌లో అదే పార్టీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. పాత ఇన్‌వాయిస్ లాంటిదే పీడీఎఫ్, లెక్క సరిగ్గానే ఉంది, ఫార్మాట్ అదే, మా బ్యాంక్ మారింది ఇకమీదట కమీషన్ డబ్బు ఈ ఖాతాకి వేయండి అని ఒక్క లైన్ మాత్రం కొత్తది. అకౌంట్స్ చూసే అక్క దాన్ని పట్టుకుంది, ఎట్లా అంటే, ఆ పార్టీ మనిషి ఎప్పుడు రాసినా బ్యారెల్స్ అని రాస్తాడంట, ఇందులో డ్రమ్స్ అని ఉంది. ఆ ఒక్క మాట మీద అనుమానం వచ్చి ఫోన్ చేసింది, డబ్బు పోలేదు. నేను పోయి లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీసి చూస్తే ఆ మెయిల్‌కి ఒకే ఒక్క లైన్ ఉంది, వైట్‌లిస్ట్ రూల్, యాక్సెప్ట్. హెడర్లలో (మెయిల్ వెనక దాగి ఉండే వివరాల్లో) స్పామ్ స్కోర్ లేదు, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఫలితాలు రాసే ఆథెంటికేషన్ రిజల్ట్స్ లైనే లేదు. ఎన్వలప్‌లో (సర్వర్లు తమలో తాము చెప్పుకునే అడ్రస్‌లో) పంపినవాడి డొమైన్ ఇంకెవరిదో, రిప్లై-టు (జవాబు పోయే అడ్రస్) ఇంకోటి, పైకి కనిపించే ఫ్రమ్ మాత్రం మన పార్టీది. అన్నిటికన్నా బాధ కలిగించింది ఏందంటే, ఆ పార్టీ డొమైన్‌కి డీమార్క్ పాలసీ రిజెక్ట్ అని ఉంది. మా పేరు పెట్టుకుని ఎవడన్నా దొంగ మెయిల్ పంపితే తిప్పికొట్టండి అని వాళ్లే రాసి పెట్టుకున్నారు, మన గేట్‌వే ఆ మాట చదవకముందే తలుపు తీసేసింది.

తిరుపతి వాళ్లకి ఇది చెప్పడం సులువు. మూడొందల టికెట్ చేతిలో ఉన్నా సరే అలిపిరిలో బండి ఆపుతారు, దిగి సామాను స్కానర్‌లో పెట్టాల్సిందే, ఆ టికెట్ పనిచేసేది కొండ మీద లైన్ దగ్గర. నా టికెట్ చూసి స్కానింగ్ లేకుండా వదలండి అని ఎవరూ అడగరు. వైట్‌లిస్ట్ ఆ టికెట్ లాంటిది, లైన్ తగ్గించాల గానీ అలిపిరి దాటించకూడదు.

అందుకే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇది: మీ వైట్‌లిస్ట్ దేన్ని చూసి మనిషిని గుర్తుపడతా ఉంది? ఐపీ అడ్రస్‌ని చూసి అయితే పైన పెట్టినా పెద్ద భయం లేదు, ఆఫీసు ప్రింటర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సొంత నెట్‌వర్క్ ఇట్లాంటివి అట్లే పెట్టాల కూడా. ఫ్రమ్ అడ్రస్‌ని చూసి అయితే అది ఎవడైనా రాసుకోగలిగిన పేరు, దాన్ని నమ్మి పైన పెట్టడం అంటే తలుపుకి తాళం చెవి వేలాడదీసినట్టే. ఎస్‌పీఎఫ్ చూసేది ఎన్వలప్‌లో ఉన్న పేరుని, మనిషి కంటికి కనిపించేది ఫ్రమ్ హెడర్, రెండింటినీ జతచేసి చూసేది డీమార్క్. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ అయిపోయాక వైట్‌లిస్ట్ వస్తే, అప్పుడు అది నిజమైన మనిషి మీద పనిచేస్తాది.

స్పామ్‌అసాసిన్ (మెయిళ్లకి స్పామ్ స్కోర్ వేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి ఇందులో మంచి దారి ఉంది. వెల్కమ్‌లిస్ట్ ఫ్రమ్ అని పెడితే పేరు చూసి మైనస్ 100 ఇచ్చేస్తాది, మామూలుగా స్పామ్ అనడానికి హద్దు 5 అయినప్పుడు మైనస్ 100 అంటే ఇంక ఏ రూలూ దాన్ని ఆపలేదు. అదే వెల్కమ్‌లిస్ట్ ఆథ్ అని పెడితే ఎస్‌పీఎఫ్‌లోనో డీకిమ్‌లోనో పాసైతేనే ఆ లాభం. 2022లో వచ్చిన 4.0 ముందు వీటి పేర్లు వైట్‌లిస్ట్ ఫ్రమ్, వైట్‌లిస్ట్ ఆథ్. ఒక్క పదం మారిస్తే సగం తలనొప్పి పోతాది, ఇది చదివి ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

ఇప్పుడు వైట్‌లిస్ట్‌లో పెట్టినా స్పామ్‌లో పడేదాని సంగతి. చాలాసార్లు వైట్‌లిస్ట్ రాసిన చోటే తప్పు. సిస్కో గేట్‌వేలో మెసేజ్ ఫిల్టర్లు యాంటీస్పామ్ కన్నా ముందు నడుస్తాయి, కంటెంట్ ఫిల్టర్లు యాంటీస్పామ్, యాంటీవైరస్ రెండూ అయిపోయాక నడుస్తాయి. కంటెంట్ ఫిల్టర్‌లో వైట్‌లిస్ట్ రాసుకుంటే, తీర్పు వచ్చేసినాక సాక్షిని పిలిచినట్టు. ప్రాక్స్‌మాక్స్ మెయిల్ గేట్‌వేలో రూల్‌కి 0 నుంచి 100 వరకు ప్రయారిటీ ఉంటాది, పెద్ద నంబర్ ముందు నడుస్తాది, 1 అంటే మొదటిది అనుకుని అడుగున పెట్టేవాళ్లని నేను చాలామందిని చూసినా. యాక్సెప్ట్, బ్లాక్, క్వారంటైన్ (పక్కన ఆపి ఉంచడం) ఈ మూడిట్లో ఏది తగిలినా అక్కడితో ఆగిపోతాది. దాంతో వచ్చే డిఫాల్ట్ రూల్స్‌లో వైరస్ రూల్ వైట్‌లిస్ట్ కన్నా పైనే ఉంటాది, దాన్ని కిందికి లాగేది మనమే. మైక్రోసాఫ్ట్ 365లో కూడా అంతే, ముందు కనెక్షన్, తర్వాత మాల్‌వేర్, తర్వాత మెయిల్ ఫ్లో రూల్స్, చివర్లో స్పామ్. రూల్ రాసి ఎస్‌సీఎల్ (అందులో స్పామ్ మార్కు) మైనస్ 1 పెట్టినా స్పామ్ చెకింగ్ మాత్రమే దాటుతాది, మాల్‌వేర్ అప్పటికే చూసేసి ఉంటాది.

పోస్ట్‌ఫిక్స్ (ఇదొక మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) వాళ్లకి ఒక మాట. ఒక్కో రెస్ట్రిక్షన్ లిస్ట్‌లో (ఎవరిని రానివ్వాల, ఎవరిని ఆపాల అనే రూల్స్ వరసలో) ఎడమ నుంచి కుడికి చూసుకుంటా పోయి మొదట తగిలిన దగ్గర ఆగుతాది, అయితే ఒక లిస్ట్‌లో ఓకే వచ్చిందంటే మిగతా లిస్ట్‌లు కూడా ఓకే అని కాదు, సెండర్ లిస్ట్‌లో ఓకే ఇచ్చి రెసిపియెంట్ లిస్ట్‌లో ఎందుకు రిజెక్ట్ అయిందని గంటలు గంటలు వెతికినవాళ్లు ఉన్నారు. 2013లో వచ్చిన 2.10 కన్నా ముందు కాన్ఫిగ్‌ని అట్లే కాపీ చేసుకుంటా వచ్చినవాళ్లు ఒకసారి తెరిచి చూడండి, రెసిపియెంట్ లిస్ట్‌లో సెండర్‌కి ఓకే ఇచ్చే లైన్, రిజెక్ట్ అన్ఆథ్ డెస్టినేషన్ (మనది కాని డొమైన్‌కి పోయే మెయిల్‌ని ఆపే రూల్) కన్నా పైన ఉండి, విడిగా రిలే రెస్ట్రిక్షన్స్ (మన మీదుగా బయటికి పంపడానికి అడ్డుకట్టలు) కూడా లేకపోతే, ఆ పేరు పెట్టుకున్న ఎవడైనా మీ సర్వర్ మీదుగా ప్రపంచానికంతా మెయిల్ పంపుకోవచ్చు.

ఇంకొకటి, ఇది బయటి మెయిల్ అని సబ్జెక్ట్‌లో ట్యాగ్ పెట్టే రూల్ డీకిమ్ చెక్ కన్నా ముందు ఉంటే సంతకం చెడిపోతాది, మంచి మెయిల్ కూడా ఫెయిల్ అవుతాది. అట్లే రెండు గేట్‌వేలు ఒకదాని వెనక ఒకటి ఉంటే వెనకదానికి కనిపించేది ముందుదాని ఐపీనే, కాబట్టి ఎస్‌పీఎఫ్ బయట ఉన్న గేట్‌వేలోనే చూడాల.

రెండో పద్ధతికి కష్టం లేదని అనను. మొదటి వారం ఫోన్లు పెరుగుతాయి. కొన్ని పార్టీల ఎస్‌పీఎఫ్ రికార్డే తప్పుగా ఉంటాది, డీఎన్‌ఎస్ లుకప్‌లు (డొమైన్ వివరాల కోసం చేసే వెతుకులాటలు) పది అనే హద్దు దాటి ఎర్రర్ వస్తా ఉంటాది, కొందరు ఫార్వర్డ్ చేసి పంపుతారు కాబట్టి ఎస్‌పీఎఫ్ ఫెయిల్ అవుతాది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో సర్టిఫికెట్లు పంపితే స్కానర్ దాన్ని తెరవలేక పక్కన పెడతాది. అట్లాంటప్పుడు మొత్తం డొమైన్‌ని పైకి తీసుకుపోకుండా, ఆ ఒక్క పార్టీకి, వాళ్ల ఐపీ, డొమైన్ రెండూ కలిస్తేనే అని చిన్న సందు ఇవ్వండి, రికార్డ్ సరిచేసుకోమని వాళ్లకి మెయిల్ పెట్టండి. చాలామంది సరిచేసుకున్నారు, పాపం వాళ్లకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

గ్రేలిస్టింగ్ (తెలియని సర్వర్ మెయిల్‌ని మొదటిసారి తిప్పి, మళ్లీ పంపితే తీసుకోవడం) ముందు పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. పెద్ద క్లౌడ్ సర్వర్లు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తాయి, మెయిల్ ఆలస్యం అవుతాది, సీజన్‌లో వద్దు. వైట్‌లిస్టే లేకుండా అంతా స్కోర్ మీద నడపడం చిన్న ఆఫీసులకి చాలు.

మీది ఏ పద్ధతో తెలియాలంటే కాన్ఫిగ్ చదవడం కన్నా ఇది చేయండి. బయట మీకున్న ఒక అడ్రస్‌ని వైట్‌లిస్ట్‌లో పెట్టి, అక్కడినుంచి ఐకార్ టెస్ట్ ఫైల్ పంపండి, 68 అక్షరాల ఫైల్, ఏ హానీ లేదు, ఏ యాంటీవైరస్ అయినా దాన్ని వైరస్ అనే చెప్తాది. కొన్ని మెయిల్ సర్వీసులు పంపనీయవు, అప్పుడు సొంత సర్వర్ నుంచి పంపుకోవాల. అది ఇన్‌బాక్స్‌కి చేరిందంటే వైట్‌లిస్ట్ పైన ఉన్నట్టే. క్యూ ఐడీ (సర్వర్ ఒక్కో మెయిల్‌కి ఇచ్చే నంబర్) పట్టుకుని లాగ్‌లో ఆ మెయిల్ ఏయే రూల్ దగ్గర ఆగిందో వరసగా రాసుకోండి, ఒకసారికి ఒక్క రూలే జరపండి, రెండు జరిపితే ఏది పనిచేసిందో తెలీదు.

ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు వరస ఇట్లా ఉంది: సొంత నెట్‌వర్క్ ఐపీలు, తర్వాత డీమార్క్, తర్వాత వైరస్, అటాచ్‌మెంట్, ఆ కింద వైట్‌లిస్ట్, చివర్లో స్పామ్ స్కోర్. మొన్న పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఒకటి క్వారంటైన్‌లో ఆగితే అక్క ఫోన్ చేసింది, పార్టీకి ఫోన్ చేసి కనుక్కున్నా, వాళ్లదే అన్నారు, విడుదల చేయమని తనే చెప్పింది, ఇరవై నిమిషాల్లో అయిపోయింది.