సూఫ్రియేర్‌కి ఒక్క పూట చాలదు

కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియా వెళ్ళేవాళ్ళలో చాలామంది ఉత్తరాన రాడ్నీ బేలో దిగి, నైరుతి మూలనున్న సూఫ్రియేర్‌ని పడవ టూర్‌లో ఒక్క రోజులో చూసేసి వస్తారు. మేమూ మొదట అదే పని చేశాం. గంధకపు ఊటల దగ్గర కాసేపు, జలపాతం దగ్గర కాసేపు, మిగతా అంతా పడవలో పాటలూ రమ్మూ. పిటాన్ కొండలు అదిగో అనేలోపే పడవ తిప్పేశారు. "తిరుమలలో 'జరగండి, జరగండి' అన్నట్టే ఉంది కదే" అంది మా అమ్మ. ఆ రాత్రే నేనూ మా ఆయనా కూర్చుని లెక్కలు వేసుకుని, రాడ్నీ బేలో మిగిలిన రెండు రాత్రుల డబ్బు వదిలేసుకుని, కారు అద్దెకి తీసుకుని సూఫ్రియేర్‌కి మకాం మార్చాం. ట్రిప్పు మొత్తంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం ఇదొక్కటే.

కారు ఎడమవైపు నడపాలి. అమెరికాలో ఏళ్ళ తరబడి కుడివైపు నడిపిన మా ఆయనకి మొదటి అరగంట టెన్షన్, ఆ తర్వాత రాజమండ్రి రోజులు గుర్తొచ్చి హుషారు. రాజధాని కాస్ట్రీస్ దాటాక రోడ్డంతా మలుపులే. వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకుని ఎక్కండి. చివరి మలుపు తిరగ్గానే కింద ఊరు, సముద్రం, వెనకాల పెటిట్ పిటాన్ ఒక్కసారిగా కనిపిస్తాయి. దేశం జెండాలో ఉన్న త్రికోణాలు ఈ కొండల గుర్తే. అక్కడి బీరు పేరు కూడా పిటానే.

ఊరి పేరు ఫ్రెంచి వాళ్ళు గంధకాన్ని బట్టి పెట్టింది. 1746లో వెలిసిన ఈ ఊరు ద్వీపంలో వాళ్ళు కట్టిన పట్టణాల్లోకెల్లా పాతది, ఒకప్పటి రాజధాని. ఫ్రెంచి వాళ్ళూ బ్రిటిష్ వాళ్ళూ కొట్టుకుంటూ ఈ ద్వీపాన్ని పద్నాలుగు సార్లు చేతులు మార్చారు. 1814లో బ్రిటిష్ వాళ్ళకి ఖాయమైంది, 1979లో స్వతంత్రం వచ్చింది. ఇప్పుడు చర్చి ముందు పిల్లలు ఆడుకునే చౌకులోనే ఫ్రెంచి విప్లవం రోజుల్లో తలలు నరికే గిలెటిన్ నిలబెట్టారట. చుట్టూ చెక్క బాల్కనీలున్న పాత ఇళ్ళు, కొన్ని రంగు వెలిసి వాలిపోయాయి. టూర్ బస్సులు ఇక్కడ ఆగవు. సాయంత్రం ఇక్కడ ఊరికే కూర్చోవడం మాకు ఏ జలపాతం కన్నా బాగుంది. గైడ్‌గా వస్తామని వెంటపడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. నవ్వుతూ వద్దంటే వెళ్ళిపోతారు.

బస విషయానికొస్తే, కొండ మీద జేడ్ మౌంటెన్, లదేరా లాంటి చోట్ల నాలుగో గోడ లేని గదులుంటాయి, మంచం మీంచే పిటాన్లు కనిపిస్తాయి. ఆ రేట్లు చూసి దండం పెట్టుకుని, ఊళ్ళో వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. ఏసీ ఒక గదిలోనే ఉంది, తెల్లవారుజామునే కోళ్ళు లేపేశాయి, వేణ్ణీళ్ళు వాటి ఇష్టం. అయినా శాకాహారులకి వంటగదే ముఖ్యం. మొదటి రోజు మెనూలో 'గ్రీన్ ఫిగ్' చూసి అంజీర్ అనుకుని సంబరపడ్డాం. తీరా చూస్తే ఉడకబెట్టిన పచ్చి అరటికాయ, పక్కన ఉప్పుచేప! అదే వాళ్ళ జాతీయ వంటకం. అమలాపురం మనిషి అమ్మ మాత్రం శనివారం సంతకెళ్ళి అరటికాయలు, సీమపనసకాయ, చింతపండు ఏరుకొచ్చి రెండు పూటలా వేపుడూ పులుసూ పెట్టింది. బయట తినాలంటే రాస్తాఫారీ మతం వాళ్ళ 'ఇటల్' భోజనం అడగండి. వాళ్ళలో చాలామంది మాంసం ముట్టరు. ఉప్పు కూడా పెద్దగా వెయ్యరు కాబట్టి ఆవకాయ పొట్లం ఒకటి దగ్గరుంచుకోండి.

గ్రో పిటాన్ ఎక్కడానికి మాత్రం డబ్బు దాచుకోవద్దు. ఎత్తు 770 మీటర్లు. పక్కనున్న పెటిట్ పిటాన్ 743 అయినా చాలా నిటారు. రెండూ పాత అగ్నిపర్వతాల గొంతులో లావా గడ్డకట్టి మిగిలిన దిమ్మలు, 2004 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. గైడ్ లేకుండా ఎక్కనివ్వరు, అదే మంచిది. దారి మొదలయ్యే పల్లె పేరు ఫోన్ జాన్ లిబ్ర, అంటే స్వేచ్ఛా జనుల లోయ. 1794లో ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది. బ్రిటిష్ వాళ్ళు మళ్ళీ సంకెళ్ళు వెయ్యబోతే, విముక్తులైనవాళ్ళు తుపాకులు పట్టి అడవుల్లోకి వెళ్ళారు. 1795 ఏప్రిల్‌లో ఇక్కడికి దగ్గర్లోని రాబో దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని ఓడించారు కూడా. బ్రిటిష్ వాళ్ళు వాళ్ళకి పెట్టిన పేరు 'బ్రిగాండ్లు', అంటే బందిపోట్లు. ఆ ఊరి కుర్రాడే మా గైడ్. దారిలో ఒక బండ చూపించి, "మావాళ్ళు ఇక్కణ్ణించి ఓడలు కాపు కాసేవాళ్ళు" అన్నాడు. బందిపోట్లు అన్న మాట అతని నోట ఒక్కసారి కూడా రాలేదు.

సగం దాకా పర్వాలేదు. ఆపైన అంతా బండరాళ్ళ మెట్లే, తొడలు వణుకుతాయి. ఎక్కడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. ఉదయం ఏడుకే మొదలుపెట్టండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. ఇదంతా మోకాళ్ళు సహకరించేవాళ్ళకి. అమ్మలాంటి వాళ్ళకి టెట్ పాల్ నేచర్ ట్రయల్ ఉంది. ముప్పావుగంట నడక, రెండు పిటాన్లూ ఎదురుగా.

గంధకపు ఊటల్ని 'కారులో వెళ్ళగలిగే అగ్నిపర్వతం' అని ప్రచారం చేస్తారు. నిజానికి అది కూలిపోయిన పాత అగ్నిపర్వతపు గొయ్యి. నల్ల బురద కుతకుత ఉడుకుతూ ఉంటుంది. ఒకప్పుడు అంచుదాకా నడవనిచ్చేవారు. ఒక గైడ్ కాలి కింద నేల విరిగి ఒళ్ళు కాల్చుకున్నాక దూరం నుంచే చూపిస్తున్నారు. బురద స్నానం బాగుంటుంది, కానీ క్రూయిజ్ ఓడల జనం దిగే పూట వెళ్ళకండి. మేం మూసే వేళకి ముందు వెళ్తే పదిమంది కూడా లేరు. వెండి వస్తువులు తీసేసి దిగండి. అమ్మ పట్టీలు పది నిమిషాల్లో ఇనప గొలుసుల్లా నల్లబడ్డాయి. విభూదితో ఎంత తోమినా సగమే వదిలింది.

డైమండ్ తోట చక్కగా ఉంది. ఫ్రెంచి సైనికుల కోసం 1784లో కట్టించిన వేడినీటి తొట్లు అక్కడే ఉన్నాయి, జలపాతం రాళ్ళు ఖనిజాల వల్ల పసుపూ ఆకుపచ్చా తేలాయి. అయితే జలపాతం నీళ్ళలో దిగనివ్వరు. జలపాతం కింద స్నానం చెయ్యాలంటే టొరాయ్ నయం. రాబో ఎస్టేట్‌లో కోకో కాయ కొట్టి, గింజలు నూరి, మన చాక్లెట్ మనమే చేసుకోవచ్చు. పిల్లలుంటే తప్పక వెళ్ళండి.

బీచ్‌ల సంగతి ఒక్కటి చెప్పాలి. ద్వీపంలో బీచ్‌లన్నీ ప్రజలవే, హోటల్ గేటు చూసి వెనక్కి రాకండి. రెండు పిటాన్ల నడుమ షుగర్ బీచ్‌లో తెల్ల ఇసుక బయటినుంచి తెచ్చి పోసింది. ఆన్స్ చాస్టనే బీచ్‌లో నల్లటి అసలు ఇసుక ఉంటుంది, ఒడ్డు నుంచి నాలుగడుగులేస్తే పగడపు దిబ్బలు. అక్కడికి పడవలో వెళ్తే మాత్రం రానూపోనూ రేటు, అమెరికా డాలరా తూర్పు కరీబియన్ డాలరా అన్నది ముందే తేల్చుకోండి. ఒక అమెరికా డాలరుకి వాళ్ళవి 2.70. మేం అడక్కుండా ఎక్కి, దిగేటప్పుడు అనుకున్నదానికి రెండున్నర రెట్లకు పైగా ఇచ్చుకున్నాం.

అమెరికా నుంచి వచ్చే పెద్ద విమానాలు దక్షిణ కొసన హెవనోరా విమానాశ్రయంలోనే దిగుతాయి. సూఫ్రియేర్ నుంచి అక్కడికి కారులో గంట లోపే. రాడ్నీ బే కావాలంటే ముందు రెండు రోజులు అక్కడ ఉండి, ఆఖరి మూడు రాత్రులూ సూఫ్రియేర్‌లో బుక్ చేసుకోండి.