వాకిట్లో మందారమా, నందివర్ధనమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి గేటుకీ మెట్లకీ మధ్య ఆరడుగుల జాగా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలో చెట్లు కూల్చినప్పటి నుంచి వాకిట్లో పెద్ద చెట్టంటే నాకు భయం. అందుకే పొదలే మేలనుకున్నాను. మందారాన్ని ఇక్కడి ఒడియావాళ్లు కూడా మందారే అంటారు, నందివర్ధనాన్ని మాత్రం టగర అంటారు. నర్సరీలో ఆ పేరుతో అడగండి.

రంగు కావాలంటే మందారమే. ఎర్ర రేకమందారం విచ్చిన వాకిలి కళే వేరు. పువ్వు ఒక్కరోజే నిలుస్తుంది, కానీ వెనకే ఇంకో మొగ్గ సిద్ధంగా ఉంటుంది. ఎండ బాగా తగలాలి. అసలు బాధ పిండినల్లి. లేత చిగురుకి దూది అంటించినట్టు తెల్లగా పడుతుంది, కాండం మీద చీమలు బారు కడతాయి, ఆకులు ముడుచుకుపోతాయి. ఆ కొమ్మ తుంచి దూరంగా పారేయాలి. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారం ఆగి మళ్లీ కొట్టాలి. గేటు తెరిచి ఉంటే మేకలూ వదలవు.

నందివర్ధనంతో ఇంత టెన్షన్ లేదు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి కాబట్టి మేకలు పెద్దగా ముట్టవు. ఆ పాలు పిల్లల కళ్లలో పడకుండా చూసుకోండి. సగం నీడలోనూ పూస్తుంది, కత్తిరిస్తే కంచెలా గుబురు కడుతుంది. పొద్దున్నే పూజకి గిన్నెడు తెల్లపూలు.

రోజూ మొక్క దగ్గర నిలబడే తీరిక లేనివాళ్లకి నేను నందివర్ధనమే ఇస్తాను, మా పొద నుంచే కొమ్మ కోసి.