లూప్ రికార్డర్ పెట్టించుకుని పది నెలలు: నా అనుభవం

నాకు 61 ఏళ్లు. గుంటూరులో ఆర్డర్ల మీద పచ్చళ్లు పట్టి పంపుతుంటాను. పోయిన జూన్‌లో ఓ పొద్దున పాలబ్బాయితో మాట్లాడుతుంటే మాట ముద్దయిపోయింది. అరగంటలో మళ్లీ మామూలే. రక్తనాళాలు బాగానే ఉన్నాయన్నారు. గుండె లయ తప్పి, లోపల గడ్డ కట్టిన రక్తం మెదడుకు వెళ్లిందేమోనని డాక్టరుగారి అనుమానం. ఒక రోజంతా హోల్టర్ పెట్టారు, అంటే ఛాతీకి పట్టీలు అంటించి గుండె లయని రికార్డు చేసే మిషన్. చెమటకి పట్టీలు ఊడటం, నేను మళ్లీ అంటించుకోవడం. ఆ రోజు మాత్రం గుండె బుద్ధిగా కొట్టుకుంది.

ఆగస్టులో ఈ లూప్ రికార్డర్ పెట్టారు. చర్మం కిందే ఉండి నెలల తరబడి గుండె లయని కనిపెట్టుకుని ఉండే చిన్న మిషన్ ఇది. కంపెనీ పేరు రాయను. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, బరువు మూడు గ్రాములు కూడా లేదు. మత్తు సూది వేసి, ఎడమవైపు ఛాతీ మీద చిన్న గాటు పెట్టి చర్మం కిందికి దూర్చారు. తీగలు లేవు.

నా టెన్షన్ అంతా వేరే. రోజంతా చేతులతో పనే కదా, ఆ కుదుపులన్నీ గుండె తేడా అని ఈ మిషన్ అనుకుంటుందేమో? అడిగితే టెక్నీషియన్ అమ్మాయి ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించింది. ఈసీజీలో ఒక్కో బీట్‌కి ఒక పొడవాటి గీత పైకి లేస్తుంది. ఎంత కదిలినా అది దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఆ గీతల మధ్య గ్యాప్ ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత మారిందో మిషన్ రెండేసి నిమిషాలు లెక్కగట్టి చుక్కలు పెడుతుందట. మెట్లెక్కితే గ్యాప్‌లు మెల్లగా, వరసగా తగ్గుతాయి. చుక్కలన్నీ నడిమధ్య ముద్దగా పడతాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే, అంటే డాక్టరుగారు అనుమానించిన ఆ లయ తప్పడం అయితే, ఏ గ్యాప్‌కీ పొంతన ఉండదు. ఆవాలు ఒలికినట్టు చెల్లాచెదురు. ఆ తర్వాత, పొడవాటి గీతకి ముందు రావలసిన చిన్న అల, పి వేవ్, ఉందా లేదా చూస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అది ఉండదు. విడిగా చూస్తే అది కండరాల గజిబిజిలో కలిసిపోతుంది కాబట్టి, చాలా బీట్‌లను పేర్చి సగటు తీస్తుంది. గజిబిజి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కనుక సగటులో కరిగిపోతుంది. ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి కూడా ఇంత బాగా చెప్పలేదు.

అయినా పొరబడలేదని కాదు. మే నెలలో క్లినిక్ నుంచి ఫోన్. "అమ్మా, నిన్న పదకొండింటికి ఏం చేస్తున్నారు?" ఆవకాయ జాడీ ఛాతీకి ఆనించుకుని అటక మీదికి ఎత్తుతున్నాను! ఛాతీ కండరం బిగిసి చేసిన గోలట అది. గ్రాఫ్ చూసి మనిషి తేల్చాల్సిందే, మిషన్ మాటే ఆఖరి మాట కాదు.

అసలుది దొరికింది జనవరిలో. రాత్రి రెండింటికి, పద్దెనిమిది నిమిషాలు. నేను హాయిగా నిద్రపోతున్నాను, దడ కూడా తెలియలేదు. మర్నాటి నుంచే రక్తం పలచబడే మాత్రలు మొదలుపెట్టారు.

ఒక స్టార్ తగ్గిస్తున్నాను. ఖర్చు లక్ష దాటింది. రికార్డింగ్‌లని క్లినిక్‌కి పంపడానికి మంచం పక్కన పెట్టే పెట్టె సిగ్నల్ లేకపోతే ఊరకే మిణుకుతుంది. పైగా ఆదివారం పంపిన రికార్డింగ్‌ని సోమవారం మధ్యాహ్నానికి గానీ చూడలేదు. ఇది పేస్‌మేకర్ కాదు, గుండెని నడిపించదు, అంబులెన్స్‌నీ పిలవదు. మా వదిన అదే అనుకుని పెట్టించుకుంటానంటే, ముందు డాక్టర్ని అడగమన్నాను.