అడాప్టివ్ టూల్‌పాత్ ఏడేళ్లు వాడాక నా సమీక్ష

త్రీ యాక్సిస్ మిల్లింగ్ (తిరిగే కట్టర్‌తో మెటల్‌ని మూడు దిశల్లో కోసే) జాబ్స్‌కి ఏడేళ్లుగా రోజూ క్యామ్‌లోనే (కట్టర్ నడిచే దారిని, అంటే టూల్‌పాత్‌ని, తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే) ప్రోగ్రాం చేస్తున్నాను, రఫింగ్ (ఎక్కువ మెటల్‌ని త్వరగా తీసేసే మొదటి కోత) వరకు దాదాపు ప్రతిసారీ అడాప్టివ్ టూల్‌పాతే వాడతాను. ఫ్యూజన్‌లో దీన్ని అడాప్టివ్ క్లియరింగ్ అంటారు, మాస్టర్‌క్యామ్‌లో డైనమిక్, సాలిడ్‌క్యామ్‌లో ఐమెషినింగ్. లోపలి లెక్కలు వేరు కావచ్చు కానీ చేసే పని ఒకటే, టూల్ మీద లోడ్ ఎక్కడా ఒక్కసారిగా పెరగకుండా దారి గీయడం. నేను రాస్తున్నది ఆ పద్ధతి గురించి, ఏ ఒక్క ప్యాకేజీ గురించీ కాదు.

ముందే చెప్పేస్తాను, లోతైన పాకెట్లకి (జాబ్‌లో తొలిచే గుంతలకి) పాత ఆఫ్‌సెట్ టూల్‌పాత్ మళ్లీ వాడమంటే నేను వాడను. పాత పద్ధతి పాకెట్ ఆకారాన్నే జరుపుకుంటూ గీతలు వేస్తుంది, నేరుగా పోతున్నంతసేపూ హాయిగా ఉంటుంది, మూలకి రాగానే కట్టర్ చుట్టూ మెటల్ కమ్ముకుంటుంది. కట్టర్ వ్యాసంలో సగం స్టెప్ ఓవర్ (ఒక్కో దారికి పక్కకి జరిగే దూరం) పెట్టారనుకోండి, నేరు గీత మీద కట్టర్ 90 డిగ్రీల మేర మెటల్‌లో ఉంటుంది, మూలలో అది దాదాపు 180 దాకా పోతుంది, అక్కడే ఆ అరుపు వినిపించేది. ఆ ఒక్క మూలకి భయపడి మొత్తం ప్రోగ్రాం ఫీడ్ (కట్టర్ ముందుకు కదిలే వేగం) తగ్గించుకునేవాళ్లం. అడాప్టివ్‌లో 10 మి.మీ. కట్టర్‌కి 1 మి.మీ. స్టెప్ ఓవర్ ఇస్తే దాదాపు 37 డిగ్రీలే, మూలలో కూడా అంతకి దగ్గరగానే ఉంటుంది. అందుకే ఫ్లూట్ (కట్టర్ మీది కోసే పన్ను) పొడవులో చాలా భాగం దింపి కోయగలం, అరుగుదల కూడా కట్టర్ కింది కొసనే కాకుండా పొడవంతా పంచుకుంటుంది.

కానీ స్టెప్ ఓవర్ తగ్గించి ఫీడ్ పాతదే ఉంచేస్తే సగం లాభం పోయినట్టే. చాలామంది ప్రోగ్రాంలలో నేను చూసే తప్పు ఇదే. అల్యూమినియంలో నిమిషానికి 300 మీటర్ల కటింగ్ స్పీడ్ అనుకుంటే 10 మి.మీ. కట్టర్‌కి సుమారు 9,550 ఆర్‌పీఎం వస్తుంది. మూడు ఫ్లూట్లు, పంటికి 0.06 మి.మీ. పెడితే ఫీడ్ నిమిషానికి దాదాపు 1,720 మి.మీ. ఇప్పుడు స్టెప్ ఓవర్ వ్యాసంలో పదో వంతే కాబట్టి పన్ను వాలుగా తగిలి చిప్ (కోసిన మెటల్ పొట్టు) పలచబడుతుంది, అసలు మందం 0.036కి పడిపోతుంది. మనం అనుకున్న 0.06 చిప్ రావాలంటే పంటికి 0.1 ఇవ్వాలి, అంటే ఫీడ్ 2,865. స్క్రీన్ మీద ఆ అంకె చూస్తే మొదట్లో ఎవరికైనా టెన్షనే, అయితే తక్కువ ఫీడ్‌తో పన్ను కోయకుండా రాసుకుంటూ పోతే వేడి పెరిగి అల్యూమినియం అంచుకి అతుక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఒక్క జాగ్రత్త: కొన్ని ప్యాకేజీలు ఈ లెక్క తామే వేసి ఫీడ్ పెంచేస్తాయి, వాటిలో మళ్లీ మీరు చేత్తో పెంచకండి.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌కి మనం ఏది చెబితే అదే నిజం. ఒకసారి 45 మి.మీ. లోతు పాకెట్ చేస్తున్నాను, లైబ్రరీలో (సాఫ్ట్‌వేర్‌లోని టూల్ వివరాల పట్టికలో) ఆ టూల్ హోల్డర్ నుంచి 52 మి.మీ. బయటికి ఉన్నట్టు రాసి ఉంది, నేను కలెట్‌లో (హోల్డర్‌లో కట్టర్‌ని పట్టుకునే బిగింపులో) బిగించింది 43. సిమ్యులేషన్ మొదటి నుంచి చివరి దాకా పచ్చగా నడిచింది. మెషిన్ మీద మాత్రం ఆఖరి లోతుకి దిగగానే కలెట్ నట్టు గోడ పై అంచులోకి రెండు మిల్లీమీటర్లు దిగబడింది, స్టాప్ నొక్కేలోపే జాబ్ పోయింది, నట్టు మీద అల్యూమినియం పూత పూసినట్టు అంటుకుంది. ఆ రోజు నుంచి సెటప్ షీట్‌లో ప్రతి టూల్ పక్కన స్టిక్ అవుట్ (హోల్డర్ బయటికి ఉన్న పొడవు) రాస్తాను, బిగించాక స్కేల్ పెట్టి కొలిచి టిక్ కొడతాను. హోల్డర్, వైస్ దవడలు, క్లాంపులు అన్నీ మోడల్‌లో ఉండాలి. అందంగా ఉండక్కర్లేదు, కొలతకి సరిపోయే దిమ్మలు చాలు.

స్టాక్ (కోయకముందు ఉన్న ముడి దిమ్మ) సంగతీ అంతే. రంపంతో కోసిన దిమ్మ ఏ వైపు మందంగా ఉందో ఆ కొలతే ఇవ్వండి, మోడల్‌కి చుట్టూ 1 మి.మీ. అని కళ్లు మూసుకుని పెట్టొద్దు. 3 మి.మీ. ఉన్నచోట సాఫ్ట్‌వేర్ ఖాళీ అనుకుని కట్టర్‌ని పక్క నుంచి నేరుగా తోసేస్తుంది, లోడ్ సమంగా ఉంచుతుందన్న మాట అక్కడ చెల్లదు. రెస్ట్ మెషినింగ్‌కి (మిగిలిపోయిన మెటల్‌ని మళ్లీ కోసే పనికి) కూడా ముందు ఆపరేషన్ తర్వాత మిగిలిన స్టాక్‌నే ఆధారంగా తీసుకోండి.

సిమ్యులేషన్ చూపించనిది ఇంకొకటి, జీ0 కదలిక, అంటే కోయకుండా పూర్తి వేగంతో జరిగే ర్యాపిడ్. స్క్రీన్ మీద అది నేరు గీత. చాలా కంట్రోలర్లలో మాత్రం ఒక్కో యాక్సిస్ దాని పూర్తి వేగంతో పోయి, దగ్గర దూరం ఉన్నది ముందు ఆగిపోతుంది, దాంతో దారి మధ్యలో వంగుతుంది. ఆ వంపులో క్లాంప్ ఉంటే తగిలినట్టే. పోస్ట్‌లో (ప్రోగ్రాంని మెషిన్ కోడ్‌గా మార్చే భాగంలో) గానీ మెషిన్ సెట్టింగ్‌లో గానీ ర్యాపిడ్ నేరుగా పోయేలా చేసుకోండి, కుదరకపోతే జాబ్ దగ్గరి ర్యాపిడ్‌లని ఎక్కువ ఫీడ్ ఉన్న జీ1గా (ఇచ్చిన ఫీడ్‌తో నేరుగా పోయే కదలికగా) మార్చే ఆప్షన్ వాడండి.

నచ్చనివీ ఉన్నాయి. ఇరుకు స్లాట్లలో ఇది సమయం తినేస్తుంది. 12 మి.మీ. స్లాట్‌కి 10 మి.మీ. కట్టర్ ఇస్తే చిన్న చిన్న సున్నాలు చుడుతూనే ఉంటుంది, అక్కడ 8 వాడితే దానికి తిరగడానికి చోటు దొరుకుతుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పాకెట్‌కి అడాప్టివ్ వృథా. కోడ్ కూడా చాంతాడంత వస్తుంది, పాత కంట్రోలర్ అయితే చిన్న గీతల దగ్గర తడబడి ఆగి ఆగి పోతుంది. 0.3 మి.మీ. వదిలే రఫింగ్‌కి 0.01 టాలరెన్స్ (దారి అసలు ఆకారం నుంచి ఎంత తప్పొచ్చో ఆ హద్దు) ఎందుకు, 0.1 పెట్టి స్మూతింగ్ (చిన్న గీతల్ని కలిపే ఆప్షన్) ఆన్ చేయండి, ఫైల్ బాగా తగ్గుతుంది. బిగుతు టాలరెన్స్ ఫినిషింగ్‌కి (కొలత తెచ్చే చివరి కోతకి) దాచుకోండి.

ఫినిషింగ్ గురించి రెండు మాటలు. మూల వ్యాసార్థం 5 ఉంటే 10 కట్టర్ వాడకండి, మూలలో ఆగి తిరిగి వైబ్రేషన్ గీతలు వదులుతుంది, 8 తీసుకుంటే సాఫీగా ఒంపు తిరిగిపోతుంది. కొలత పట్టాల్సిన గోడలకి కాంపెన్సేషన్‌ని (కట్టర్ కొలతలో తేడాని సరిచేసే అమరికని) ‘వేర్’ మోడ్‌లో ఇవ్వండి, బోర్ 0.02 బిగుతుగా వస్తే మెషిన్ దగ్గరే ఆఫ్‌సెట్ మార్చుకోవచ్చు, క్యామ్‌కి వెనక్కి పరుగెత్తే పని ఉండదు. లీడ్ ఇన్‌లో (కట్టర్ కోతలోకి ప్రవేశించే దారిలో) ఒక నేరు గీత ఉండేలా చూడండి, ఆర్క్ మీద జీ41 (ఆ కాంపెన్సేషన్‌ని ఆన్ చేసే కోడ్) మొదలుపెడితే చాలా కంట్రోలర్లు అలారం ఇస్తాయి.

ఇప్పటికీ మొదటి పీస్‌కి నేను సింగిల్ బ్లాక్ (ఒక్కో లైన్ నడిచి ఆగే మోడ్) వదలను. ర్యాపిడ్ 5 శాతానికి తగ్గించి, ప్రతి టూల్ మొదటిసారి కిందికి దిగేటప్పుడు జాబ్ పైన కొంచెం ఎత్తులో ఫీడ్ హోల్డ్ (కదలికని ఆపే బటన్) నొక్కి, స్క్రీన్ మీద ‘డిస్టెన్స్ టు గో’ (ఇంకా పోవాల్సిన దూరం) ఎంతుందో, కంటికి ఎంత ఖాళీ కనిపిస్తోందో పోల్చి చూస్తాను. 12 మి.మీ. అని చూపిస్తూ కంటికి అరంగుళం దాకా ఉంటే సరే. 60 చూపిస్తుంటే అక్కడే ఆపేసి, హెచ్ నంబర్ (టూల్ పొడవు ఆఫ్‌సెట్) ఆ టూల్‌దేనా, జీ54 (జాబ్ సున్నా స్థానం) ఏ ముఖం మీద తీసుకున్నాం అన్నవి ముందు చూస్తాను.