బావ్ మీద చుక్క పడనివ్వని వెదురు మూత

వెదురు స్టీమర్‌లో నేను పడిపోయింది దాని మూతకి. రెండు అరలు, పది అంగుళాలు, చూడముచ్చటగా ఉంటుంది లాంటివి ఎవరైనా చెబుతారు. సింగపూర్‌లోని మా ఫ్లాట్‌లో చార్ సియు బావ్‌లు (పంది మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే చైనా బన్నులు) చేయడానికి రెండేళ్లకు పైగా దీన్నే వాడుతున్నాం. అంతకుముందు ఇడ్లీ పాత్రే దిక్కు.

ఇడ్లీకి ఆ పాత్రను మించింది లేదు. మూత కింద చేరిన ఆవిరి నీరు నాలుగు చుక్కలు రాలినా ఇడ్లీకి పోయేదేం లేదు. బావ్ అలా కాదు. నున్నగా, తెల్లగా ఉండాల్సిన పైపొర మీద చుక్క పడిందంటే అక్కడ పిండి తడిసి ముద్దై, జిగురుగా గుంట పడుతుంది. మా ఇంట్లో ప్రతి వాయిలోనూ సగం బావ్‌లు అమ్మవారు పోసినట్టు మచ్చలతో దిగేవి. రుచికి లోటుండదు, కానీ అతిథుల ముందు పెట్టబుద్ధి కాదు. మూతకు గుడ్డ కట్టి కూడా వండాను. మచ్చలు చాలావరకు తగ్గాయి గానీ, గుడ్డ కొసలు ఎక్కడ మంట మీదికి జారతాయోనని ఒకటే టెన్షన్.

వెదురు మూతకు ఆ గొడవ లేదు. సన్నటి వెదురు బద్దలను అల్లి చేస్తారు కాబట్టి ఆవిరి కొంత ఆ సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది, మిగిలిన తడిని బద్దలే పీల్చుకుంటాయి. దాంతో చేసిన మొదటి వాయి దించి మూత తీస్తే ఒక్క బావ్ మీద కూడా మచ్చ లేదు. చుట్టూ వేసిన మడతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇన్నాళ్లూ లోపం నా చేతిదో, పిండిదో అనుకుంటూ పిండి ప్యాకెట్లు మార్చుతూ వచ్చాను. ఇక్కడ బావ్‌ల కోసమే గ్లూటెన్ తక్కువగా ఉండే తెల్లటి పిండి అమ్ముతారు. అది మంచిదే, కానీ మచ్చల సంగతిలో అది చేసేదేమీ లేదు.

డిమ్ సమ్ (చైనా చిరుతిళ్ల) హోటళ్లలో బావ్ నెత్తిన పువ్వులా విచ్చుకుని, లోపలి ఎర్రటి కూర కనిపిస్తుంటుంది. ఈ స్టీమర్ కొంటే అలా వస్తాయని మాత్రం ఆశపడకండి. వాళ్లు పులియబెట్టి ఉంచిన పాత పిండి కలుపుతారు, బేకింగ్ అమ్మోనియా వేస్తారు. వేడికి అది విడిపోయి ఒక్కసారిగా గ్యాస్ వదలడంతో పైభాగం విచ్చుకుంటుంది. దాని ఘాటు మా చిన్న వంటింట్లో భరించలేం. ఈస్టూ, కాస్త బేకింగ్ పౌడరూ వేసి, పైన మడతలు పెట్టి మూసిన బావ్‌లే మావి.

ఇక పూర్ణం. చార్ సియు అంటే సోయా సాస్, హోయ్‌సిన్ సాస్, ఆయిస్టర్ సాస్, ఐదు మసాలాల పొడి, తీపి పట్టించి కాల్చిన పంది మాంసం. కాంటనీస్ (దక్షిణ చైనా) వంట కాబట్టి తీపి ముందుంటుంది. ఒకటి తినేటప్పుడు బాగుంటుంది, రెండోది సగంలో ఉండగానే మొహం మొత్తుతుంది. కనీసం మా ఇంట్లో అంతే. పంది మాంసంలో గోంగూర మనకు కొత్త కాదు కదా, లిటిల్ ఇండియాలో గోంగూర కట్టలు దొరికిన వారం అదే కలుపుతాను.

ఇది కుదరడానికి చాలాకాలమే పట్టింది. సీసాలోని గోంగూర పచ్చడి వేస్తే పని సులువే. కానీ అందులోని నూనె ఆవిరికి పల్చబడి అడుగు పిండిలోకి దిగిపోయింది. బావ్ కింద పెట్టిన కాగితం తీస్తే అడుగంతా పసుపుపచ్చగా, పారదర్శకంగా ఉంది. అందుకే తాజా ఆకునే నూనె లేకుండా మగ్గబెట్టి, తడి పోయేదాకా కలియబెడతాను. సాస్‌ని కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచే దగ్గర ఇంకో చిక్కు. పులుపుతో కలిసి ఉడికితే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలిపోతుంది. ముందే గోంగూర వేసి ఉడికిస్తే ఎంత చిక్కగా కనిపించిన సాసైనా కాసేపటికి నీళ్లోడుతుంది. అందుకని సాస్ చిక్కబడి, స్టవ్ కట్టేశాకే ఆకు ముద్ద కలపాలి. తర్వాత ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు పిండిలో పెట్టి చుడితే మడతల్లోంచి కారదు.

కాల్చే మాంసానికి మాల్టోజ్ (చిక్కటి తీపి పాకం), తేనె బదులు బెల్లం పాకం పూస్తాను. గోంగూర పులుపుకు బెల్లమే సరైన జోడీ. 200 డిగ్రీల ఓవెన్‌లో అది త్వరగా మాడుతుంది, అందుకే చివరి పది నిమిషాల్లోనే పూయాలి. రంగు మాత్రం హోటల్లో చూసే ఎరుపు రాదు, ముదురు గోధుమ రంగులో ఆకుపచ్చ జీరలు. మా పిల్లలు మొదట్లో పెదవి విరిచారు. ఇప్పుడు హోటల్‌కి వెళ్తే "ఇందులో పులుపే లేదు" అని వంక పెడుతున్నారు.

టిమ్ హో వాన్ పేరు తెచ్చుకున్నట్టు, పైన చక్కెర పొర వచ్చేలా ఓవెన్‌లో కాలిస్తే ఈ స్టీమర్ గొడవే ఉండదు కదా అని ఒక ఫ్రెండ్ అంది. హాంకాంగ్‌లోని మోంగ్ కోక్‌లో 2009లో మొదలైన ఆ హోటల్ కాల్చిన బావ్‌లు నాకూ ఇష్టమే. కానీ గోంగూర పూర్ణం మీద తియ్యటి కరకరల పొర అసలు నప్పలేదు.

ఇప్పుడు బూజు కథ. సంక్రాంతికి ఊరెళ్లి నెల తర్వాత తిరిగొచ్చి కబోర్డు తెరిస్తే గుప్పున ముక్కిపోయిన వాసన. స్టీమర్ అరలు బాగానే ఉన్నాయి, మూత లోపలివైపు మాత్రం నల్లటి చుక్కలు. బద్దలు ఒకదాని మీద ఒకటి వచ్చే అల్లికలో తడి దాక్కుంటుంది, పైకి ఆరినట్టే కనిపిస్తుంది. ఈ ఊళ్లో గాలి ఎప్పుడూ చెమ్మే. వెనిగర్‌తో కడిగి, బాల్కనీలో ఎండబెట్టి, ఉత్త ఆవిరి పట్టించినా చుక్కలు వదల్లేదు, వాసనా పోలేదు. నాకు అంత నచ్చిన ఆ అల్లికే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చైనాటౌన్‌లో వంటసామాన్ల కొట్టులో మూత విడిగా దొరికింది కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు దాన్ని కబోర్డులో పెట్టడం లేదు, గోడకు మేకు కొట్టి తగిలించాం.

చుక్క పడదని ఇంత పొగిడాను గానీ, అది మొదటి రెండు వాయిల మాటే. పండగ రోజు వాయి మీద వాయి వేస్తే మూత బాగా నాని, అంచుల దగ్గరున్న బావ్‌ల మీద ఒకటీ అరా మచ్చలు పడుతున్నాయి. అయినా స్టీలు మూతతో పోలికే లేదు.

అరల విషయంలో మా అత్తయ్య పెట్టిన పేచీ కూడా చెప్పాలి. ఆవిడ పంది మాంసం తినరు, ఆవిడకి పుట్టగొడుగుల బావ్‌లు. "పైనున్నదాని నీచు కింద పడదటమ్మా?" అన్నారు. బద్దల మధ్య సందులుంటాయి కాబట్టి పడుతుంది మరి. ఆవిడవి పై అరలో పెడితే, అక్కడ ఉడకడానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పైగా కింది ఆవిరి పైకి రాదా అంటారు. చివరికి ఆవిడ వాయి ముందు దించేసి, తర్వాతే మావి పెడుతున్నాను.

ఇంకొకటి. చాలామంది ఈ స్టీమర్‌ని వోక్‌లో (లోతైన చైనా మూకుడు) నీళ్లు పోసి పెడతారు. ఇనుప వోక్‌కి నూనెతో పట్టించిన నలుపంతా ఆ మరిగే నీళ్లకు ఊడిపోతుంది. మధ్యలో కన్నం ఉన్న స్టీలు రింగు ఒకటి తెచ్చుకుని, ఇడ్లీ పాత్ర మీదే పెట్టుకుంటే సరి. మా పాత ఇడ్లీ పాత్ర అలా మళ్లీ పనిలోకి వచ్చింది.

నెలకు రెండుసార్లయినా బావ్‌లు, మోమోలు చేసే ఇల్లయితే, గాలి ఆడేచోట తగిలించుకునే వీలుంటే కొనండి. ఏడాదికోసారి సరదాకి చేసేవాళ్లు, తీరప్రాంతాల్లో తలుపులు మూసుండే చిన్న వంటిల్లున్న వాళ్లు ఇడ్లీ పాత్ర మూతకే గుడ్డ కట్టి, కొసలు పైకి లాగి ముడేసుకుంటే చాలు. కొనేవాళ్లు మాత్రం పాత్ర మూతి కొలత తీసుకునే వెళ్లండి, మూత విడిగా అమ్ముతారో లేదో కూడా అడగండి.