ట్రావెల్ ఈ-సిమ్: రెండున్నరేళ్లు వాడాక నా మాట

వరంగల్ కొత్తవాడ దర్రీల (జంపఖానాల) ఆర్డర్ల పని మీద రెండున్నరేళ్లలో ఐదుసార్లు దేశం దాటాను, రెండుసార్లు ఫ్రాంక్‌ఫర్ట్, రెండుసార్లు దుబాయ్, ఒకసారి సింగపూర్. అన్నిసార్లూ ట్రావెల్ ఈ-సిమ్‌తోనే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుని విదేశంలో నెట్ వాడుకునే సిమ్. యాప్‌లు డజన్ల కొద్దీ ఉన్నాయి, అన్నిట్లో అవే ప్లాన్లు, ధరలు మాత్రం వేరు.

ఇలా ఎందుకుందో మొదటి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణంలో అర్థమైంది. నేనొక బ్రాండ్, తమ్ముడొక బ్రాండ్ కొన్నాం, వాడిది నాకన్నా నాలుగు వందలు ఎక్కువ. హోటల్లో కూర్చుని సెట్టింగ్స్ చూస్తే రెండింటి ఏపీఎన్ (ఫోన్ ఏ దారిలో నెట్‌కు కలవాలో చెప్పే సెట్టింగ్) ఒకటే, ఐపీ అడ్రస్ (నెట్‌లో ఫోన్ చిరునామా) రెండింటికీ పోలండ్ అనే చూపిస్తోంది. ఇద్దరం కొన్నది ఒకే హోల్‌సేల్ సరుకు, పైన పేరు మాత్రమే వేరు. వీళ్లలో చాలామందికి సొంత నెట్‌వర్క్ ఉండదు, టోకున కొని పేరు వేసుకుని అమ్ముతారు.

అందుకే నేనిప్పుడు బ్రాండ్ చూడను. అక్కడ ఏ లోకల్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, డేటా ఏ దేశం మీదుగా బయటికి వెళ్తుంది, ఈ రెండూ కొనేముందే చాట్‌లో అడుగుతాను, సూటిగా చెప్పకపోతే కొనను. సింగపూర్‌లో ఉండగా నా ఐపీ హాంకాంగ్ అని వచ్చింది, సిగ్నల్ నిండుగా ఉన్నా పేజీలు నెమ్మదిగా తెరుచుకున్నాయి, చాట్‌జీపీటీ అసలు తెరుచుకోలేదు, హాంకాంగ్‌లో దానికి సేవలు లేవు కదా. డేటా ఇలా వేరే దేశం మీదుగా వెళ్లడమే దుబాయ్‌లో మేలు చేసింది, లోకల్ సిమ్ మీద వెళ్లని వాట్సాప్ కాల్ దీని మీద వెళ్లింది, రోజూ రాత్రి అమ్మతో మాట్లాడగలిగాను. అయితే జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కి పనికి వెళ్లే అన్నలకు ఇది సరిపోదు, వాళ్లకు అక్కడి నంబరు కావాలి, వీటిలో చాలావాటికి డేటా తప్ప నంబరే ఉండదు.

రెండో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణంలో బాగా దెబ్బతిన్నాను. ఏడు రోజుల ప్లాన్, హన్మకొండలో ఇంటి దగ్గరే నాలుగు రోజుల ముందు ఇన్‌స్టాల్ చేశాను. గడువు అక్కడి నెట్‌వర్క్ తగిలినప్పటి నుంచి కాదు, ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే మొదలైందట. దిగిన మూడో రోజే, కొనుగోలుదారుతో మీటింగ్‌కు పోయే దారిలో నెట్ ఆగిపోయింది, చాలా టెన్షన్ పడ్డాను. కస్టమర్ కేర్ జవాబు మర్నాడు వచ్చింది, డబ్బు రాలేదు. గడువు ఎప్పటి నుంచి అన్నది ప్లాన్ పేజీలో సన్నని అక్షరాల్లో ఉంటుంది, దయచేసి చదవండి. "అన్‌లిమిటెడ్" అన్నచోట కూడా రోజుకు ఎంత దాటితే స్పీడ్ తగ్గిస్తారో అక్కడే రాసి ఉంటుంది.

ఓటీపీల సంగతి. మన సిమ్ తీసేయకండి, ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు రావడానికి మాత్రమే దానికి రోమింగ్ ఉంచి, డేటాను ఈ-సిమ్‌కు మార్చండి, "మొబైల్ డేటా స్విచింగ్" తప్పకుండా ఆపేయండి. లేదంటే ఈ-సిమ్ సిగ్నల్ పోయినప్పుడు ఫోన్ తనంతట తానే మన సిమ్ మీదికి పోయి రోమింగ్ బిల్లు వేయించొచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఈ-సిమ్‌ను డిలీట్ చేయొద్దు, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఇచ్చే క్యూఆర్ కోడ్‌లు చాలావరకు ఒక్కసారే పనిచేస్తాయి.

మూడు రోజుల పనికైతే నాకు 3 జీబీ చాలు, పెద్ద ప్లాన్ ఎప్పుడూ పూర్తిగా వాడలేదు. జనవరిలో మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, ఈసారి ఇన్‌స్టాల్ చేసేది శంషాబాద్‌లో, విమానం ఎక్కేముందు ఎయిర్‌పోర్ట్ వైఫై మీదే.