స్ప్రింక్లర్ లైనుకు డబుల్ చెక్ వాల్వ్: ఏడేళ్లు వాడాక

మా ఇంట్లో కుళాయిలకూ, సీలింగులోని ఫైర్ స్ప్రింక్లర్లకూ నీళ్లు ఒకే పైపు నుంచి వస్తాయి. ఆ పైపు మీద డబుల్ చెక్ వాల్వ్ పెట్టించి ఏడేళ్లయింది. అంటే నీళ్లను ముందుకే పోనిచ్చి, వెనక్కి రాకుండా ఆపే రెండు తలుపులు (చెక్‌లు) వరసగా ఉన్న వాల్వ్. వాల్వ్ మంచిదే. మా తిప్పలన్నీ దాన్ని పెట్టిన చోటుతో వచ్చాయి.

మొదట మీటరు పక్కనే, లైను రెండుగా చీలకముందే బిగించారు. ఇక నిశ్చింత అనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే ఒక ఉదయం వంటింటి కుళాయి తిప్పితే గ్లాసులోకి మసి కలిపినట్టు నల్లటి నీళ్లు వచ్చాయి. తుప్పు వాసన, పైన సన్నటి నూనె పొర. స్ప్రింక్లర్ పైపుల్లో నెలల తరబడి కదలకుండా నిలిచిన నీళ్లవి. ఇనుప పైపుకు మరలు కోసేటప్పుడు వాడిన నూనె కూడా ఇంకా అందులోనే ఉంది.

వాల్వ్ ఉండగా నీళ్లు వెనక్కి ఎలా తన్నాయో బిగించిన ప్లంబర్‌కే అర్థం కాలేదు. టెస్టింగ్‌కి వచ్చినాయన నిమిషంలో తేల్చేశారు: "ఇక్కడ ఇది కాపాడేది వీధి పైపుని సార్, మీ వంటింటిని కాదు." స్ప్రింక్లర్ పైపుల పైభాగంలో కొంత గాలి చిక్కుకుని ఉంటుంది. ఇంట్లో షవరూ వాషింగ్ మెషీనూ ఒకేసారి నడిస్తే ప్రెషర్ పడిపోతుంది, నొక్కుకుని ఉన్న గాలి ఉబ్బుతుంది, పాత నీళ్లను కుళాయిల వైపు నెడుతుంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు మరి.

అదే కాలంలో వాటర్ హీటర్ సేఫ్టీ వాల్వ్ కారడం మొదలైంది. హీటర్ పాడైందనే అనుకున్నాను. 100 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు లీటరున్నర పెరుగుతాయి. ఇంతకుముందు ఆ పెరిగిన నీళ్లు మెయిన్‌లోకి సర్దుకునేవి. చెక్ వాల్వ్ ఆ దారి మూసేసింది. మీటరు దగ్గర చెక్ ఉండి తీరాల్సినవాళ్లు హీటర్ పక్కన, పెరిగిన నీళ్లను పట్టుకునే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టించుకోక తప్పదు. మేం వాల్వ్‌నే స్ప్రింక్లర్ కొమ్మ మీదకి మార్పించాం. అప్పటి నుంచి నల్లనీళ్లూ లేవు, కారడమూ లేదు.

మార్చాక స్ప్రింక్లర్ వైపు గేజు ఎప్పుడూ ఇంటి ప్రెషర్ కంటే ఎక్కువే చూపిస్తుంది. మొదట్లో టెన్షన్ పడ్డాను. లైన్లో ప్రెషర్ ఎప్పుడు పెరిగినా అది చెక్ దాటి అక్కడే నిలిచిపోతుంది, అంతే. నిజానికి వాల్వ్ పట్టు వదల్లేదనడానికి అదో గుర్తు.

ఏటా టెస్ట్ చేయిస్తాను. నాలుగో ఏడు రెండో చెక్ ఫెయిలైంది. ప్రతి చెక్కూ కనీసం 1 పీఎస్ఐ ప్రెషర్ ఆపాలి, ఇది ఆపలేదు. మూత విప్పితే రబ్బరు డిస్క్ కింద వెంట్రుకంత టెఫ్లాన్ టేపు పోగు ఇరుక్కుని ఉంది. అది పడ్డచోట రబ్బరు మీద గీత. డిస్క్ తిరగేసి బిగిస్తే పాసయింది.

నాకు నచ్చనిది ఒక్కటే. టెస్ట్ కోసం వాల్వ్‌కి రెండు వైపులా ఉన్న హ్యాండిళ్లు మూస్తారు. తెరవడం మరిచిపోతే స్ప్రింక్లర్లు ఉన్నా లేనట్టే, ఇంట్లో కుళాయిలు మాత్రం మామూలుగా వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకసారి అలాగే సగం మూసి వెళ్లిపోయారు. ఇప్పుడు టెస్టింగ్ ఆయన గేటు దాటకముందే రెండు హ్యాండిళ్లూ నేనే తిప్పి చూస్తాను.

స్ప్రింక్లర్ పైపుల్లో యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే రసాయనం) ఉంటే మాత్రం ఇది కొనకండి. దానికి రెడ్యూస్డ్ ప్రెషర్ రకం వాల్వ్ కావాలి. అది ప్రెషర్ ఎక్కువ తింటుంది, తేడా వస్తే నీళ్లు బయటికి కక్కుతుంది, కింద డ్రైన్ ఉండాల్సిందే. కొత్తగా ఇల్లు కడుతుంటే, స్ప్రింక్లర్ లైనునే తాగునీటికి వాడే రకం పైపుతో వేయించి, దాని చివర టాయిలెట్ కలిపించే పద్ధతి గురించి ముందు అడగండి. ఫ్లష్ చేసినప్పుడల్లా లోపలి నీళ్లు కదులుతాయి. మాకది ఇల్లు కట్టాక తెలిసింది.